ఉగ్గుగిన్నెడు సంగటి

మా సీమలో సంగటి నమిలి తినేవాళ్ళను చూస్తే నవ్వుతారు. ముద్ద చేతిలోకి తీసుకుని, వేలితో గుంట చేసి, ఊరుబిండో పప్పో అద్దుకుని గుటుక్కున మింగాలి గాని నమలడమేమిటని! నలభై ఆరేళ్ళు అలా మింగినదాన్నే నేనూ. అటువంటిదాన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం ఉసిరికాయంత ముద్ద మింగితే, అది గుండెల నడుమ నిలబడిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా దొడ్డిగోడ పట్టుకుని అరగంట నిలుచున్నాను. మా అత్తమ్మ వీపు నిమురుతూ, "దుడ్లిచ్చి తెచ్చుకుంటిమి గదమ్మా ఈ రోగాన్ని!" అంది.

అది 2019 మార్చి. అంతకు రెండు నెలల ముందే హైదరాబాదు వెళ్ళి, ఆపరేషనుతో కడుపు చిన్నది చేయించుకుని వచ్చాను. ఈ మాటకు మీలో కొందరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. 2011లో గడ్కరీగారు, 2014లో అరుణ్ జైట్లీగారు ఇటువంటిదే చేయించుకున్నారని పేపర్లో చదివి ఊరుకున్నాం. ఎదురింటావిడ చేయించుకుందంటే మాత్రం వింత. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. బరువు 108 కిలోలు. చక్కెర జబ్బు, దానికి తోడు మోకాళ్ళు. ఏడురోడ్ల దగ్గర ఆటో ఎక్కితే ఇద్దరి చార్జీ అడిగేవాడు. బడిలో నా తరగతి మేడమీద ఉండేది. హెడ్మాస్టరుగారు జాలిపడి కింది గదికి మార్చారు. ఆటోవాడి మాటలు దులిపేసుకున్నాను గాని ఆ జాలిని ఓర్చుకోలేకపోయాను. మావారు భవిష్యనిధిలోంచి అప్పు తీశారు.

నాకు చేసినది స్లీవు అనే రకం. సంచిలాంటి జీర్ణకోశంలో మూడు పాళ్ళకు పైగా కోసి తీసేసి, అరటికాయలాంటి గొట్టాన్ని మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే పదార్థం ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనేనట. దాన్ని జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుక్కున్నారు. అంచేత మొదటి ఏడాది ఆకలి అన్న మాటే మరిచిపోయాను. గుడ్డు, పప్పు, పెరుగు ముందు తినాలి. రోజుకు అరవై గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు లోపలికి పోవాలి. ఆ తర్వాత చోటు మిగిలితే అన్నమో సంగటో. మిగిలితే గదా! భోజనానికీ మంచినీళ్ళకూ అరగంట ఎడం ఉండాలి. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిను మాత్రలు బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. నాలుగో నెలలో జుట్టు దువ్వెనకు దువ్వెనంత వస్తుంటే ఏడ్చాను. అది మళ్ళీ వచ్చిందిలెండి. 2020 జూలైకి 72 కిలోలయ్యాను. చక్కెర మాత్రలు మానేయమన్నారు. పాత రవికల్లో ఒక్కోదానికి రెండేసి కుట్టించుకోవచ్చునని మావారి వేళాకోళం.

ప్రకటనల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. పాత ఫొటో ఒకటి, కొత్త ఫొటో ఒకటి, కింద ఫోను నంబరు. నా కథ ఆగలేదు.

గట్టి పదార్థమైతే ఆ చిన్న కడుపులో నిలబడి, నాలుగు ముద్దలకే చాలునంటుంది. కరకరలాడి కరిగిపోయేది నిలవదు, జారిపోతుంది. ఈ రహస్యం డాక్టరు చెప్పకముందే నా నాలుక కనిపెట్టింది. కరోనా రోజుల్లో బళ్ళు మూతపడ్డాయి. నేను వంటింట్లో, మురుకుల డబ్బా అటకమీద. గంటకొకటి. నాలుగింటికి బొరుగులూ వేయించిన చెనిక్కాయలూ. పగలంతా చక్కెర వేసిన కాఫీ. ఒక్కపూటైనా కడుపునిండా తిన్న పాపాన పోలేదు. రోజంతా తింటూనే ఉన్నాను.

పైగా మా ఇంట్లో గిన్నె అడుగున మిగిలింది పారేసే ఆచారం లేదు. 1952 కరువులో మా అత్తమ్మకు ఎనిమిదేళ్ళు. గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని నిలబడింది. ఆ చెంబు ఇంకా మా ఇంట్లో ఉంది. ఆవిడ ముందర పిడికెడు అన్నం కుడితి తొట్టిలో పడెయ్యాలంటే చేయి రాదు. నా చేతికి నోరే దగ్గర.

హైదరాబాదు ఆస్పత్రిలో ఆపరేషను చేయించుకున్నవాళ్ళందరూ నెలకొకసారి కలుస్తారు. ఒక రాత్రి ప్రయాణం. మొదట దూరమని మానేశాను. తర్వాత సిగ్గుపడి మానేశాను. ఇంత డబ్బు పోసి, ఇంతమంది చేత సేవ చేయించుకుని, మళ్ళీ లావెక్కుతున్నానని ఏ ముఖంతో చెప్పను? బరువు చూసుకునే మిషను మంచం కిందికి తోసేశాను. మూడు నెలల చక్కెర పరీక్షలో అంకె మళ్ళీ హద్దు దాటబోతున్నదని తెలిసినా మావారికి చెప్పలేదు.

2022 ఉగాదినాడు దేవుని కడపకు వెళ్ళాను. ఉగాదికి మా ఊరి ముసల్మానులు కూడా లక్ష్మీ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వస్తారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బీబీ నాంచారమ్మవల్ల స్వామి వాళ్ళింటి అల్లుడు. దర్శనం చేసుకుని మంటపం నీడన కూర్చుంటే, పక్కన బురఖా వేసుకున్న ఆవిడ ఒకరు దొన్నెలో పులిహోర పెట్టుకుని ఉన్నారు. చెంచాలో పావువంతు నోట్లో పెట్టుకుని నమిలారు. నమిలారు, నమిలారు. అయిదు నిమిషాలకు మరో పావు చెంచా. పక్కవాళ్ళు మంచినీళ్ళు ఇవ్వబోతే చేయి అడ్డంపెట్టారు. నేను ఇంత కళ్ళు చేసుకుని చూస్తున్నాను. ఆవిడ నా చేతిలో దొన్నె చూశారు, నా దవడలు చూశారు.

"అక్కా, స్లీవా, బైపాసా?"

నా జన్మలో అంత సంతోషం కలిగించిన ప్రశ్న మరొకటి లేదు. ఇద్దరం నవ్వు ఆపుకోలేక చుట్టూ ఉన్నవాళ్ళ చేత చూడబడ్డాం. ఆవిడది బైపాసు, నాలుగేళ్ళ క్రితం. తీపి తింటే గుండె దడ, చెమట, తల తిరుగుడు. "నీకా శిక్ష గూడా ల్యాకపాయె, అదే నీ దురదృష్టం" అంది. మూడేళ్ళలో ఎవరికీ చెప్పని మాట ఆ పది నిమిషాల్లో చెప్పేశాను: "తొమ్మిది కిలోలు వెనక్కి వచ్చేసినాయి."

"నాకు పదకొండు" అందావిడ, ఏదో చీర ఖరీదు చెబుతున్నట్టు.

ఆపైన నేనూ కొంత చదివాను. స్వీడను దేశంలో 1987 నుంచి నాలుగువేల పైచిలుకు స్థూలకాయుల బరువులను ఏళ్ళ తరబడి రాసుకుంటూ వచ్చారు. వాళ్ళలో సగం మంది ఆపరేషను చేయించుకున్నవాళ్ళు. 2007లో అచ్చయిన లెక్కల ప్రకారం బైపాసు వాళ్ళు మొదటి రెండేళ్ళలో సగటున నూటికి 32 వంతులు తగ్గారు. పదిహేనేళ్ళకు ఆ తగ్గుదల 27 దగ్గర నిలిచింది. అంటే కొంత వెనక్కి రావడం ఆ ఆపరేషను స్వభావంలోనే ఉందన్నమాట. కొంత వెనక్కి రావడం వేరు, మంచం కిందికి మిషను తోసేయడం వేరు. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

మర్నాటినుంచే రంజాను. ఉపవాసం ఉండవచ్చునా అని ఆవిడ ముందే డాక్టరును అడిగి మందుల వేళలు మార్పించుకుంది. ఆమె భయమంతా ఇఫ్తారు గురించే: ఇంటినిండా చుట్టాలు, ఎదురుగా సమోసాలు, హలీము. ఆ నెలంతా ఆజానుకు ముందు నాకు ఫోను చేసేది. "ఒక ఖర్జూరం, రెండు గుక్కల నీళ్ళు, లేచి పో" అనేదాన్ని. రాత్రి ఎనిమిదికి నాకు మురుకుల గండం. అప్పుడు నేను చేసేదాన్ని. ఆవిడ నన్ను డబ్బా వదలమని ఎప్పుడూ అనలేదు. "ఈ పొద్దు పిల్లోళ్ళు బడిలో ఏం చేసిరి?" అని అడిగేది. అయిదు నిమిషాలు మాట్లాడేసరికి నా చేయి అటకమీదికి పోవడం మరిచిపోయేది.

ఆవిడకు తెలిసినవాళ్ళొకరు, నాకు తెలిసినవాళ్ళొకరు, మందుల షాపులో కలిసినవాళ్ళొకరు చేరి ఏడాది తిరిగేసరికి ఆరుగురమయ్యాం. ప్రతి ఆదివారం పొద్దున మా ఇంటి అరుగుమీద. మిషను మంచం కిందినుంచి బయటికొచ్చింది. మాలో ఒక బస్సు కండక్టరున్నాడు. అందరికంటే బాగా తగ్గింది ఆయనే. ఈ ఆపరేషను అయినవాళ్ళకు మందు మామూలు వాళ్ళకంటే త్వరగా తలకెక్కుతుంది. తిండి పోయిన చోట దానికి అలవాటుపడే ప్రమాదం ఉందని డాక్టర్లు హెచ్చరిస్తారు కూడా. ఆయన వరసగా మూడు ఆదివారాలు రాలేదు. మేం ఇంటికి వెళితే లోపల ఉండీ లేరనిపించారు. నాలుగోవారం మళ్ళీ వెళ్ళి, ఆయన తల్లితో ఆ మాటా ఈ మాటా మాట్లాడి వచ్చేశాం. అలా ఎన్ని వారాలు వెళ్ళామో! చివరికి ఆయనే తలుపు తీశారు. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళుతున్నారు. కొన్ని ఆదివారాలు వస్తారు, కొన్ని రారు. ఆయన కుర్చీ వేసే ఉంచుతాం.

ఈ ఆదివారాల వల్ల పాపం మా అత్తమ్మకే పెద్ద కష్టం వచ్చింది. ఇంటికి ఆరుగురు వస్తే ఉగ్గాని, బజ్జీ పెట్టకుండా పంపడమా? "నా ఇంటి పరువు దీస్తాండారు" అని లోపల గొణుగుడు. వచ్చినవాళ్ళు వద్దంటే, పలహారం పట్టుకుని గడపలోనే నిలబడేది. నేను ఎన్నిసార్లు కసురుకున్నానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒకనాడు మా దేవుని కడప స్నేహితురాలు ఆవిడ పక్కన నేలమీద కూర్చుని, కరువు సంగతి అడిగింది. అత్తమ్మ గంటసేపు చెప్పింది, మాకెవరికీ ఎన్నడూ చెప్పనన్ని సంగతులు. అంతా విని ఆమె అడిగింది:

"అవ్వా, ఆపొద్దు నీకు గంజి యెంత పోసిరి?"

"చెంబుడు. అదీ నిండా గాదు."

"మాకు దాంట్లో సగం పడితే ఎక్కువవ్వా. కడుపు కోసి కుట్టినారు."

అత్తమ్మ ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం అందరూ వెళ్ళాక భోజనానికి కూర్చుంటే, నా పళ్ళెంలో ముద్ద లేదు. దాని బదులు, మావారికి పసితనంలో పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నె ఉంది, చింతపండుతో తళతళా తోమి. అందులో సంగటి, పక్కన గుడ్డు, గిన్నెడు ఉలవకట్టు. "ఇది పట్టేంతే పెడ్తా. మిగల్చగూడదు, మళ్ళీ అడగగూడదు" అంది.

అప్పటినుంచీ అదే కొలత. నిన్నటి ఆదివారానికి నేను 75 కిలోలు. ఆవిడ మాట తప్పలేదు గాని, సంగటి మీద నెయ్యి మాత్రం డాక్టరు చెప్పినదానికంటే రెండు బొట్లు ఎక్కువే వేస్తుంది, నేను అటు తిరిగినప్పుడు. నేనూ కాసేపు అటే చూస్తూ ఉంటాను.