కాలాపానీ నీలంగా ఉంది

పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో స్పీడ్‌బోటు ఎక్కేముందు అమ్మీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకో చేతిలో తస్బీ. బురఖా మీద నారింజ రంగు లైఫ్‌జాకెట్ వేశాం. మొత్తం ఎనిమిది మందిమి. నేను, బేగం, అమ్మీ, మా బేటీ. రాజమండ్రి నుంచి వచ్చిన మరో కుటుంబం.

బోటు ఒక్కసారిగా ముక్కు పైకెత్తి దూకింది. బేటీ కేరింతలు. అమ్మీ నోట్లో దరూద్. కాస్త అలవాటయ్యాక కళ్లు తెరిచి చుట్టూ చూసింది. ఎండకి నీళ్లు మెరుస్తున్నాయి.

"ఇత్తా నీలా పానీకు కాలాపానీ కైకు బోల్తే రే?"

నిజమే, ఇంత నీలం నీళ్లకు ఆ పేరెందుకు?

ఇంతలో రాజమండ్రి పెద్దాయన, "మీరు తెలుగు భలే మాట్లాడుతున్నారండీ! నేర్చుకున్నారా?" అన్నారు. నలభై దాటిన నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పత్రికల్లోనే రోజీ రోటీ సంపాదించుకుంటున్నవాణ్ణి. ఎప్పుడూ నవ్వేసి ఊరుకుంటాను. ఆరోజు మాత్రం, "మాది హైదరాబాదేనండీ. మా ఊరాయన ఒకరు నాకంటే చాలా ముందు ఇక్కడికొచ్చారు" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు.

1857 జులై 17, జుమ్మా. మక్కా మసీదులో నమాజు తర్వాత తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి కదిలారు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత చంపేశారు. మౌల్వీ సాబ్‌ను అండమాన్‌కు పంపారు. మళ్లీ వతన్ చూడలేదు. అప్పటికి సెల్యులార్ జైలు కూడా లేదు. అది పూర్తయింది 1906లో. 1858 మార్చిలో వచ్చిన మొదటి ఖైదీలు గొలుసులతోనే ఈ అడవులు నరికారు.

"కోఠీ అంటే మన విమెన్స్ కాలేజీయేనా అబ్బూ?" అంది బేటీ.

"అదే బేటా. దాని ముందునుంచే రోజూ ఆఫీసుకి పోతాను."

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "మాకెవరూ చెప్పలేదండీ" అన్నారు. ఆ మాటతో నా కోపం దిగిపోయింది. నేను మాత్రం నా బిడ్డకు ఎప్పుడు చెప్పాను?

ఒకప్పుడు రాస్ ఐలాండ్ అన్న నేతాజీ ద్వీపంలో దిగాం. ఇంగ్రేజు దొరల బంగళా గోడల్ని మర్రివేర్లు పట్టేసుకున్నాయి. నీడలో కూర్చున్నాక బేటీ బోటు టికెట్ వెనక ఉర్దూలో మౌల్వీ సాబ్ పేరు రాయబోయింది. ఎప్పుడో అమ్మీ దగ్గర నేర్చుకున్న నాలుగు అక్షరాలే దానికి వచ్చు. అలిఫ్‌తో మొదలుపెట్టింది.

"అలిఫ్ నహీ బేటీ, ఐన్" అని అమ్మీ దాని చెయ్యి పట్టి దిద్దించింది. తర్వాత సముద్రం వైపు తిరిగి ఫాతెహా చదివింది.

తిరుగు ప్రయాణంలో అమ్మీ నా చెయ్యి పట్టుకోలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుంది.

ఆ టికెట్ ఇప్పుడు మా ఇంట్లో ఉర్దూ ఖాయిదాలో ఉంది. ఫజర్ తర్వాత అరగంట, నేనూ బేటీ ఆ ఖాయిదా ముందు కూర్చుంటున్నాం. ఇన్షా అల్లాహ్, రంజాన్ నాటికి పూర్తి చేస్తాం.