ఫుప్పూ దిగిన తస్వీర్

మా దాదీ తస్వీర్ మా దగ్గర ఒక్కటి కూడా లేదు. దాదాది రేషన్‌కార్డు మీద ఒకటుండేది, చెదలు తిన్నది. తస్వీర్ తీయించుకుంటే గునా అనే ఖౌఫ్ కొంత, చేతిల పైసల్లేకపోవుడు ఎక్కువ. అందుకే అఖ్‌బార్‌లో చేరి కెమెరా కొన్ననాడే ఒక జిద్ పెట్టుకున్న, మనోళ్ల రోజువారీ జిందగీ తీయాలని. పేపర్లకు మనం ఈద్ నాడు గలే మిల్తా దొరుకుతం, రంజాన్‌ల హలీం దేగ్ పక్కన దొరుకుతం. మిగిలిన మూడొందల చిల్లర రోజులు మనం ఏం చేస్తున్నమో ఎవరికీ అక్కర లేదు.

2017 సెప్టెంబర్ ఆఖర్ల ఛుట్టీ పెట్టి నల్లగొండ దిక్కు మా ఊరికి పోయిన. ఆ సాల్ ఒక అజీబ్ ఇత్తెఫాక్ జరిగింది. బతుకమ్మ అమావాస్యనాడు మొదలైతది. మన మొహర్రం అమావాస్య దాటి చాంద్ కనబడంగనే మొదలైతది. రెండూ చాంద్ లెక్కలే. కాకపోతే వాళ్లు అధిక మాసం కలుపుకొని సర్దుకుంటరు, మనం సర్దుకోం, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతం. ఆ ఏడు సెప్టెంబర్ 20న ఎంగిలిపూలు, 22న మొహర్రం పహ్లీ తారీఖ్. 30న దసరా, తెల్లారి అక్టోబర్ 1న ఆషూరా. గుడి ముందర ఆడోళ్లు బతుకమ్మ ఆడుతుంటే, నాలుగిండ్ల అవతల అలావా చుట్టూ పోరగాండ్లు అస్సోయ్ దూలా ఆడుతున్నరు. రెండు జాగలకూ లైట్ల తీగలు గుంజింది ఒక్కడే.

సద్దుల బతుకమ్మ నాడు ఫజర్ అయినంక మా ఫుప్పూ గుట్ట దిక్కు బయల్దేరింది, తంగేడు పూలకు. పక్కింటి పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. వాన తెరిపిచ్చిన పొద్దు, గాలిల దుమ్ము లేదు, ఎండ కడిగినట్టున్నది. చేన్లల్ల పత్తికాయ పగులుడు షురూ అయింది. కెమెరా పట్టినోనికి ఇంతకన్నా ఏం కావాలె? ఒంగి పూలు తెంపుతున్న ఫుప్పూ లేచి నా దిక్కు తిరిగింది. కొంగు నిండ పసుపు, కాళ్లకు మంచు తడి, మొఖం మీద సగం కోపం.

‘నక్కో రే, బాల్ దేఖ్ కైసే హై’ అన్నది.

లాడ్‌తో అంటున్నదనుకున్న. తీసిన. నా ఇరవై ఏండ్ల నౌకరీల అంత మంచి తస్వీర్ రాలేదు.

ఆ సాయంత్రం ఫుప్పూ కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చిండు. కెమెరాల చూసి మొఖం మాడ్చుకున్నడు. ‘భాయిజాన్, అమ్మీ మొఖం పేపర్ల రావద్దు. అదీ బతుకమ్మ పూలతోని. మా మస్జిద్‌ల ఎవరన్న అడిగితే ఏం జవాబ్ ఇయ్యాలె?’ నేను ఊకున్ననా? తహజీబ్ అన్న, తారీఖ్ అన్న, రేపు మన నిషానీ ఏం మిగుల్తదన్న. వాడు పర్దా అన్నడు. ఇషా అజాన్ దాక ఒడువలేదు.

లోపల రొట్టెలు చేస్తున్న ఫుప్పూ పిండి చేతులతోనే బయటికొచ్చింది. ‘తస్వీర్ మేరీ, ఝగ్డా తుమారా?’ కొడుకుతోని, ‘పూలకు నాకేం షరమ్ లేదు, నలభై ఏండ్ల సంది తెస్తున్న. జవాబ్ రాకపోతే నన్ను తీస్కపో, నేనిస్త’ అన్నది. వాడు తల దించిండు. నేను ఖుష్ అయిన. అప్పుడు నా దిక్కు తిరిగింది. ‘నక్కో బోలీ నా మై? సునా క్యా తూ?’

వద్దన్న మాట ఆమె పొద్దున్నే అన్నది. వినలేదు. ఆమె ముంగటనే డిలీట్ కొట్టిన.

తెల్లారి ఈద్ చీర కట్టుకొని, తల మీదికి కొంగు కప్పుకొని, నీలం గోడ ముందర సీదా నిలబడి ‘అబ్ ఉతార్’ అన్నది. బడిల ఉర్దూ, కాలేజీల తెలుగు చదివిన నాకు అప్పటిదాక తట్టని ముచ్చట ఒకటి తట్టింది. ఉర్దూల తస్వీర్ ఉతారుతం, తెలుగుల ఫొటో దిగుతం. రెండు జబాన్లల్ల అదే దిగుడు. నజర్ ఉతార్నా, దిష్టి తీసుడు కూడ అంతే, ఫొటో తీసే మాటతోనే దిష్టి తీస్తం. ఫొటో అయినంక ఫుప్పూ ఉప్పు, మిరపకాయలు తెచ్చి నాకు నజర్ ఉతారింది, కెమెరా పట్టుకొని ఊరంత తిరిగిన్నని.

2021ల ఫుప్పూ గుజర్ గయీ. ఆ నీలం గోడ తస్వీరే కొడుకు అడిగి తీసుకున్నడు. గోడకు పెట్టలేదు, అల్మారీల బట్టల నడుమ పెట్టుకున్నడు. డిలీట్ అయినదాని సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. బతుకమ్మ, పీర్లు మళ్లీ అట్ల కలవాలంటే 2017 నుంచి ముప్పై ఏండ్లు దాటాలె.

పోయినేడు తంగేడు పూసేటప్పుడు ఊరికి పోతే పక్కింటి పెద్దమ్మ పిలిచింది. ‘కొడుకా, మా వదినె నాకు పూలు తెస్తుంటే ఫొటో తీసినవు గదా, అది నాకొకటియ్యి.’

లేదు పెద్దమ్మా అన్న. ఫోన్ తీసి నీలం గోడది చూపించిన. కండ్లకాడికి తీసుకొని శానాసేపు చూసింది.

‘చీర మంచిగున్నది’ అని ఫోన్ నా చేతుల పెట్టింది.