రిచీ వీధిలో దొరికిన కొలత

మా చెన్నపట్టణంలో సెంట్రల్ స్టేషను ప్రక్కనుండిన మూరుమార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతైంది. అక్కడి పాతపుస్తకాల అంగళ్లలో మా నాన్నగారు జీతం వచ్చిన వారం ఇంగ్లీషు హై-ఫై పత్రికలు బేరమాడి తెచ్చేవారు. ఇంగ్లండులో 1956లో వెలసిన ‘హై-ఫై న్యూస్’ అంటే వారికి ప్రాణం. చేతికందేసరికి సంచిక పాతబడేది. అందులోని యంత్రాలు కొనే తాహతు మాకు లేదు. అయినా మార్జినులో పెన్సిలుతో వ్రాసుకొంటూ చదివేవారు.

వారు పోయాక ఆ కట్ట అటక ఎక్కింది. నేను సెల్‌ఫోనుకు అలవాటు పడ్డాను. 1962లో అమెరికాలో జె. గోర్డన్ హోల్ట్ స్థాపించిన ‘స్టీరియోఫైల్’ వంటి పత్రికల వ్యాసాలు ఇప్పుడు తెరమీదనే చదువుకోవచ్చు. ఇంతటి సౌకర్యం ఉండగా పాత కాగితాలెందుకనుకొన్నాను.

నిరుడు నాన్నగారి రికార్డుప్లేయరుకు కొత్త సూది వేయించాను. కీర్తనల రికార్డు మొదట బాగానే పాడేది. చివర మంగళం వచ్చేసరికి గొంతు బొంగురుపోయి, ‘స’కారాలు బుసకొట్టేవి. అమ్మ మంగళానికి ముందే లేచి సూది ఎత్తివేసేది. ఏమీ అనేది కాదు. అదే నాకు బాధ.

తెరమీద వెదికితే కారణం నిమిషంలో దొరికింది. రికార్డు చివర గాడి చుట్టు చిన్నది. సూది క్రింద గాడి పరుగెత్తే వేగం మొదటిదానిలో సగం కూడ ఉండదు. సూది ఏమాత్రం వంకరగా నిలిచినా అక్కడే బయటపడుతుంది. సరిచేయడానికి ఒక కొలతపటం ఇచ్చారు. జిరాక్సు అంగడిలో అచ్చు తీయించి, దాని ప్రకారం సూది బిగించాను. మంగళం మారలేదు.

సూదే చెడ్డదని నిశ్చయించి, శనివారం మౌంటురోడ్డు దిగి రిచీ వీధికి పోయాను. రెండువైపులా తీగలు, స్పీకర్లు, సీసం కరిగిన వాసన. మనిషికి మనిషి తగలకుండా నడవలేము. ఒక ముసలి మెకానిక్కు నా కథంతా విని, సూది చూడకముందే కాగితం అడిగాడు. అందులో నూరు మిల్లీమీటర్లని గుర్తున్న గీతమీద ఉక్కు స్కేలు పెట్టాడు. తొంభైయారే ఉంది!

“సూదికేం జబ్బులేదు సార్, మీ కాగితమే కురచ,” అన్నాడు తమిళంలో. పుటకు సరిపడేటట్లు యంత్రమే పటాన్ని కుదించిందట. నా దగ్గర పైసా తీసుకోలేదు.

ఇంటికి వచ్చి అటక దించాను. ఒక సంచికలో అటువంటి పటమే అచ్చయి ఉంది. స్కేలు పెట్టి చూస్తే కొలత తప్పలేదు. ప్రక్కన నాన్నగారి పెన్సిలు వ్రాత: “మంగళం ఇప్పుడు శుభ్రముగా వినవచ్చుచున్నది.”

ఇదే చిక్కు వారికీ వచ్చిందన్నమాట! కారణం తెరమీద తెలుసుకొన్నాను. కొలత కాగితంమీద దొరికింది. తెరమీది పటం వాడే చదువరులు, అచ్చు తీయగానే స్కేలు పెట్టి చూసుకొనండి.

ఆ రాత్రి అమ్మ మంగళం పూర్తయ్యేవరకు కూర్చున్నది. తరువాత, “ఆ పుస్తకాలు అటకమీద పెట్టకురా, చెదలు పడతాయి,” అన్నది.