రెండు బాంజోలు, ఒక ఇల్లు

మీ ఇంట్లో ఆదివారం సాయంత్రం ఎలా గడుస్తుందో గానీ, మా ఇంట్లో తలా ఒక ఫోను, తలా ఒక మూల. మొన్నొక ఆదివారం తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఇది చూడు" అంటూ ఒక కచేరీ వీడియో పెట్టింది. వేదిక మీద ఇద్దరే మనుషులు, చేతుల్లో బాంజోలు. డ్రమ్స్ లేవు, కీబోర్డు లేదు.

బేలా ఫ్లెక్, ఆబిగైల్ వాష్‌బర్న్. అమెరికాలోని నాష్‌విల్‌లో ఉండే భార్యాభర్తలు. మన జాకిర్ హుస్సేన్ గారితో కలిసి వాయించిన బేలా ఈయనే.

బాంజో అంటే, డప్పులా బిగించిన గుండ్రటి చట్రానికి పొడవాటి మెడ తగిలించి తీగలు కట్టిన వాద్యం అనుకోండి. దాని మూలాలు ఆఫ్రికావి. బానిసలుగా తరలించిన మనుషులతో పాటు అమెరికా చేరింది. ఈ ఇద్దరి వాయింపుకీ పోలికే లేదు. ఆయనది బ్లూగ్రాస్ పద్ధతి: మూడు వేళ్లకి తొడుగులు పెట్టుకుని మీటితే స్వరాలు జడివానలా కురుస్తాయి. ఆమెది అంతకన్నా పాత జానపద పద్ధతి: గోటితో తీగను కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో పొట్టిగా ఉండే అయిదో తీగను పలికిస్తారు. ఆమె పాట ఎత్తుకోగానే ఆయన చెయ్యి నెమ్మదిస్తుంది. అంత వేగం చేతిలో ఉన్న మనిషి నాలుగు స్వరాలతో ఊరుకోవడం నాకు భలే నచ్చింది. (మా ఆవిడ నా వైపు అదోలా చూసిందనుకోండి.)

వీళ్లిద్దరి మొదటి ఆల్బమ్ 2014లో వచ్చింది. బాంజోలు, గొంతులు, అంతే. దానికి 2016లో ఉత్తమ జానపద ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. 2017లో రెండోది చేసేటప్పుడు, వేదిక మీద ఇద్దరే వాయించలేనిది ఏదీ రికార్డులో ఉండకూడదని నియమం పెట్టుకున్నారట.

ఆబిగైల్ మొదట చైనా వెళ్లి న్యాయశాస్త్రం చదవాలనుకున్నారు. బేలాకి 15 ఏళ్లప్పుడు వాళ్ల తాతగారు బాంజో కొనిచ్చారు. మన దగ్గర 15 అంటే పదో తరగతి. ఉన్న వాద్యం కూడా అటకెక్కే వయసు. మా ఇంట్లో ఒక ఏడాది ముందే ఎక్కింది. ఫౌండేషన్ క్లాసుల కోసం జూన్‌లో వయొలిన్ మాన్పించింది నేనే. అమ్మాయి అప్పుడు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

వీడియో అయిపోయాక, "పెట్టె దించనా?" అన్నాను. దించి చూస్తే ఒక తీగ తెగి ఉంది. మిగిలిన వాటితోనే మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో పాడిన గొంతు మా ఆవిడది, ఇన్నేళ్లకి మళ్లీ విన్నాను. నేను టీపాయ్ మీద తాళం వేశాను.

"నాన్నా, పరిగెత్తకు. అమ్మ పాట విను" అంది అమ్మాయి.

వయొలిన్ క్లాసు, ఫౌండేషన్ క్లాసు రెండూ సాయంత్రం ఆరింటికే. వేరే టైము ఏదైనా కుదురుతుందేమో అడుగుదామని ఈ శనివారం మాస్టారి దగ్గరికి వెళ్తున్నాను. కొత్త తీగ కూడా కొనాలి.