పాత కమాను పట్టీ, కొత్త కర్రు

మీరు మంచిర్యాలలో రైలు దిగి శ్రీరాంపూర్ వెళ్ళారనుకోండి. అక్కడ నేల కింద సింగరేణి బొగ్గు. చుట్టుపట్ల పల్లెల్లో పత్తి చేలు. ఆ పల్లెల్లో కమ్మరి కొలిమి కనబడితే తప్పక ఆగండి. తుక్కుపోగులో పడివున్న లారీ కమాను పట్టీని చూసి, "ఇదెందుకు పనికొస్తుంది?" అనుకుంటారేమో! ట్రాక్టరు గొర్రుకు కర్రు దానితోనే చేయవచ్చు.

మామూలు ఇనుము రాతినేలలో ఇట్టే అరిగిపోతుంది. కమాను పట్టీ ఉక్కు. అందులో కర్బనం నూటికి సుమారు అర వంతు ఉంటుంది. పట్టీని ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మొన తీర్చి, మళ్ళీ కాల్చి చప్పున చల్లారిస్తే గట్టిపడుతుంది. కాని గాజులాగా పెళుసవుతుంది కూడా! రాయి తగిలిందా, పుటుక్కున విరుగుతుంది. ఆనాటి దుక్కి ఆగినట్టే.

అందుకని దాన్ని తోమి, తిరిగి మెల్లగా వేడిచేస్తారు. మొదట గడ్డిరంగు, తరవాత ఊదా, ఆపైన నీలం కనిపిస్తాయి. నీలం వచ్చేసరికి వేడి సుమారు 300 డిగ్రీలు. కమ్మరికి ఉష్ణమాపకం ఎందుకు? కళ్ళున్నాయి! నీలం దాటితే ఉక్కు మెత్తబడుతుంది.

ఈ ప్రాంతానికి ఉక్కుపని కొత్తకాదు. పడమటగా, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో చేసిన ఉక్కును పూర్వం పారశీక వర్తకులు కత్తులకోసం కొనుక్కుపోయేవారు.