పేరు చెప్పని మనిషి

పోయిన భాగంలో హాస్టల్ మెస్సు గురించి, ఆ నీళ్ల పప్పు గురించి రాశాను. ఈసారి అదే హాస్టల్లో చూసిన ఒక సినిమా గురించి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందే ఒప్పుకుంటున్నా, నాకు బాంబు సినిమాలంటే పిచ్చి. కోట్లు పోసి తీసినవి కాదు, చిన్నవి. ఒక గది, ఒక ఫోను, గోడ మీద గడియారం, చెమటలు కారుతున్న ఒక పోలీసాఫీసరు. ఎర్ర వైరు కోయాలా, నీలం వైరు కోయాలా? ఆఖరి సెకన్లో ఆగుద్దని తెలిసి కూడా గోళ్లు కొరుక్కుంటా చూసే రకం నేను. చిన్నప్పుడు మా పల్లెలో డబ్బులు పోగేసి వీసీడీ ప్లేయరు అద్దెకి తెచ్చి ఒక్క రాత్రిలో మూడు సినిమాలు లాగించేవాళ్లం. అందులో ఒకటన్నా డబ్బింగు బాంబు సినిమా ఉండాల్సిందే. హీరో ఎవరో తెలీదు, అది ఏ దేశమో తెలీదు. బాంబు మాత్రం అందరికీ అర్థమయ్యేది. నిద్రపోతున్న మా అవ్వ కూడా లేచి కూచుని "పేలిద్దా? పేలదా?" అని అడిగేది.

"ఉద్యమాల్లో ఉండి ఇలాంటివి చూస్తావేంటన్నా" అని ఈమధ్య ఒక తమ్ముడు అడిగాడు. చూస్తా తమ్ముడూ. అయితే ఒక సినిమా మాత్రం నన్ను పదిహేనేళ్లుగా వదలట్లేదు. అది బాగుంది కాబట్టే వదలట్లేదు.

2008లో వచ్చిన హిందీ సినిమా 'ఎ వెడ్నెస్ డే'. నీరజ్ పాండేకి మొదటి సినిమా. పాటల్లేవు, హీరోయిన్ లేదు, రెండు గంటలు కూడా ఉండదు. నసీరుద్దీన్ షా కట్టడం పూర్తికాని ఒక బిల్డింగ్ పైకెక్కి, ఒక ల్యాప్‌టాపు, కొన్ని ఫోన్లు పెట్టుకుని ముంబై పోలీస్ కమిషనర్‌కి ఫోన్ చేస్తాడు. ఊళ్లో బాంబులు పెట్టాను, జైల్లో ఉన్న నలుగురు టెర్రరిస్టుల్ని నాకు అప్పగించండి అంటాడు. కమిషనర్ అనుపమ్ ఖేర్. వీడు వాళ్లని విడిపించుకోవడానికే అడుగుతున్నాడని అందరూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం. తీరా చూస్తే వాళ్లని చంపడానికి. నేను టెర్రరిస్టుని కాదు, మామూలు మనిషిని, రోజూ రైలెక్కి ఆఫీసుకెళ్లేవాణ్ణి, రైళ్లలో బాంబులు పెట్టి మావాళ్లని చంపినోళ్లకి ఇదే నా జవాబు అంటాడు. తర్వాతి ఏడాదే తెలుగులో 'ఈనాడు' అని వచ్చింది. కమల్ హాసన్ ఆ మామూలు మనిషి, వెంకటేష్ కమిషనర్, కథ హైదరాబాద్‌కి మారింది.

మేం ముందు హిందీది చూశాం. ఒకడి అసెంబుల్డ్ కంప్యూటర్ చుట్టూ పదిహేను మందిమి, మంచం మీద ఆరుగురు, మిగతావాళ్లు నేల మీద. ఆ మామూలు మనిషి ఇంట్లో దూరిన బొద్దింకల గురించి మాట్లాడే సీన్ వచ్చింది. బొద్దింకల్ని పెంచుకోం కదా, చంపేస్తాం, నేను నా ఇల్లు శుభ్రం చేసుకుంటున్నాను అన్న అర్థంలో. గదిలో ఈలలే ఈలలు. నేనూ వేశాను. నా పక్కనే కూర్చున్న నా రూమ్మేటూ వేశాడు. వాడు కరీంనగర్ వైపు వాడు, ముస్లిం. పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ముందుకెళ్లాక మీకే తెలుస్తుంది.

ఆ ఈల ఎందుకు వేశానో చాలా కాలం ఆలోచించాను. దేశభక్తి అని చెప్పుకోవచ్చు గానీ అబద్ధం. నిజం ఏంటంటే, ఆ సినిమాలో ఒక మామూలోడు ఫోన్ చేస్తే కమిషనర్ ఎత్తాడు. ఎత్తి, విన్నాడు. "సార్ మీటింగులో ఉన్నారు, రేపు రా" అనలేదు. సాయంత్రంలోపు రాష్ట్రమంతా ఆ మనిషి చెప్పినట్టు పరిగెత్తింది.

మా చిన్నాన్నని పొలం గట్టు దగ్గర కొట్టినప్పుడు నేను తొమ్మిదో తరగతి. కులం పేరు పెట్టి తిట్టి కొట్టారు. మా నాన్న మూడు రోజులు స్టేషన్ ముందు చెట్టు కింద కూర్చున్నాడు. లోపలికి పిలిస్తే వెళ్లడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. "రాజీ చేసుకోండయ్యా, ఒకే ఊళ్లో ఉండేవాళ్లు" అన్నారు. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం 1989లోనే వచ్చింది. ఆ చట్టం కింద కేసు రాయమని అడగడానికే మూడో రోజు దాకా నాన్నకి నోరు పెగల్లేదు. మూడో రోజు సంఘం వాళ్లు వచ్చి గట్టిగా అరిస్తే అప్పుడు కాగితం తీశారు. ఆ మూడు రోజుల్ని చూసినోడికి, కమిషనర్ ఒక్క రింగుకే ఫోనెత్తే సినిమా ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈల రాకుండా ఎలా ఉంటుంది? మన బతుకులో ఎప్పుడూ జరగని పని తెర మీద జరుగుతుంటే, అది చేసేవాడి చేతిలో ఏముందో కాసేపు పట్టించుకోం. బాంబు సినిమాల బలమంతా ఇక్కడే ఉంది. వాటికి పెద్ద ఖర్చు అక్కర్లేనిది కూడా ఇందుకే. వినిపించుకోని ప్రభుత్వం చేత వినిపించడానికి ఒక ఫోను, ఒక టైమరు చాలు.

రెండోసారి చూసినప్పుడు మాత్రం ఒక చిన్న సీన్ దగ్గర ఆగిపోయాను. సినిమా మొదట్లో ఆ మనిషి ఒక సంచీతో పోలీస్ స్టేషన్‌కి వెళ్తాడు. పర్సు పోయిందని కంప్లైంట్ ఇచ్చే వంకతో వెళ్లి, టాయిలెట్లోకి దూరి, సంచీ అక్కడ పెట్టి వచ్చేస్తాడు. ఎవడూ ఆపడు. సంచీలో ఏముందని అడగడు. నాకు నవ్వొచ్చింది. మా నాన్న మూడు రోజులు ఉండి కూడా ఆ స్టేషన్ టాయిలెట్ ఎటువైపుందో చూడలేదు. రోడ్డు దాటి తుమ్మచెట్ల వెనక్కి వెళ్లొచ్చేవాడు. మామూలు మనిషి అంటే ఎవడో నాకు అక్కడ తెలిసింది. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు, పెద్దమనిషి మాట. సంచీతో ఎక్కడికెళ్లినా అనుమానం రాని ఒళ్లు. ఆ ఒళ్లే లేకపోతే కథ పదో నిమిషంలో అయిపోయేది.

ఇక సినిమా చివర. కమిషనర్ ఆ మనిషిని పట్టుకోడు, వదిలేస్తాడు. ఆయన తన పేరు నాకు చెప్పాడు గానీ నేను మీకు చెప్పను, జనం పేరులో మతాన్ని వెతుక్కుంటారు అన్నట్టు ముగిస్తాడు. థియేటర్లో చప్పట్లు కొట్టించే మాట. నాకూ నచ్చింది. కానీ ఆ పేరు దాచిన సినిమాయే చచ్చిపోయిన నలుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా గంటన్నర సేపు పలికింది. నలుగురివీ ముస్లిం పేర్లే. తమిళం, తెలుగుకి వచ్చేసరికి అందులో ఒకణ్ణి ఆయుధాలమ్మే హిందువుని చేశారు. ఎవరో ఆ లెక్క ఆలోచించారన్నమాట, సంతోషం. నాలుగో వాణ్ణి చివర్లో పోలీసులే కాల్చేస్తారు. ఎన్‌కౌంటర్ అన్న మాట పుట్టుక నుంచీ వింటున్న తెలుగోళ్లం మనం. ఆ కాల్పులకీ ఈల వేశాం.

పేరు దాచుకోవడం అందరికీ కుదిరే పని కాదు. ఆ సంవత్సరమే హాస్టల్ ఖాళీ చేయాల్సొచ్చి నేనూ నా రూమ్మేటూ గది కోసం తిరిగాం. మొదటి ఇంట్లో పేర్లడిగారు. వాడు చెప్పాడు. "అయ్యో, నిన్ననే ఇచ్చేశాం బాబూ" అన్నారు. టు-లెట్ బోర్డు గాలికి మా ముందే ఊగుతోంది. రెండో ఇంట్లో తెలివిగా నేనొక్కణ్ణే వెళ్లా. నా పేరు విని ఆ పెద్దావిడకి ఏమీ తేల్లేదు. ఇంటిపేరు అడిగింది. ఊరడిగింది. ఊళ్లో ఏ వైపని అడిగింది. ఆఖరికి విసుగొచ్చి "ఇంతకీ మీరేవిట్లు బాబూ?" అంది. చెప్పా. మంచినీళ్ల గ్లాసు తేవడానికి లోపలికి వెళ్లిన కూతుర్ని వెనక్కి పిలిచింది. బయట బండి దగ్గర నిలబడ్డ వాడికి నా మొహం చూడగానే అర్థమైంది. "నీది రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది మామా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుకునే వయసు.

హైదరాబాద్‌లో అవి మామూలు రోజులు కావు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు పోయారు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్. నలభై మందికి పైగా చనిపోయారు. గోకుల్ చాట్‌లో చనిపోయినవాళ్లలో పిల్లలున్నారు, స్టూడెంట్లున్నారు. ఆ దుఃఖాన్ని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. అయితే ఆ తర్వాత పాతబస్తీలో ఎంతోమంది కుర్రాళ్లని ఎత్తుకెళ్లి చిత్రహింసలు పెట్టారు. కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. ప్రభుత్వం కొందరికి పరిహారంతో పాటు క్యారెక్టర్ సర్టిఫికెట్ ఇచ్చింది. మంచివాడని పోలీసులు కాగితం రాసివ్వడం! మక్కా మసీదు కేసులో తర్వాత అరెస్టయిన వేరే నిందితుల్ని కూడా 2018లో కోర్టు వదిలేసింది. అంటే అక్కడ బాంబు పెట్టింది ఎవరో ఇప్పటికీ ఏ కోర్టులోనూ తేలలేదు. చనిపోయినవాళ్ల ఇళ్లకి న్యాయమూ రాలేదు, హింస పడ్డవాళ్ల వయసూ తిరిగిరాలేదు.

ఆ సినిమాలో మామూలు మనిషి కోపానికి మూలం 2006 జూలై 11న ముంబై లోకల్ రైళ్లలో జరిగిన పేలుళ్లు. 180 మందికి పైగా చనిపోయారు. నిజంగా ఆ కేసు ఏమైందో చూడండి. 2015లో ప్రత్యేక కోర్టు 12 మందికి శిక్ష వేసింది, అందులో ఐదుగురికి ఉరి. 2025 జూలైలో బొంబాయి హైకోర్టు ఆ 12 మందినీ నిర్దోషులని వదిలేసింది. ఒకడు అప్పటికే జైల్లో చనిపోయాడు. సుప్రీంకోర్టు ఆ తీర్పుని వేరే కేసుల్లో వాడొద్దని స్టే ఇచ్చింది గానీ వాళ్లని మళ్లీ జైలుకి పంపలేదు. సినిమా లెక్కన అయితే వీళ్లని ఏనాడో ఒక జీపెక్కించి పేల్చేయాలి. మనం ఈల వేయాలి.

బడ్జెట్ లేకపోవడం ఈ సినిమాల లోపం కాదు. వాటికున్నవి మూడు గదులే. కంట్రోల్ రూమ్, బాంబు పెట్టినవాడి గది, టీవీ స్టూడియో. ఇంకో మూడు గదులు కూడా చవకే. ఇంటరాగేషన్ గది, కోర్టు వరండా, పట్టుకెళ్లినోడి ఇంట్లో వాళ్లమ్మ కూర్చున్న వంటగది. సెట్టింగులక్కర్లేదు. ఆ తలుపులు తెరిచిన చిన్న సినిమాలూ ఉన్నాయి. 2013లో విడుదలైన హన్సల్ మెహతా 'షాహిద్' చూడండి. తనే టాడా కింద జైలుకెళ్లి, అక్కడ చదువుకుని లాయరై, ఇలాంటి కేసులే వాదించి, 2010లో తన ఆఫీసులోనే కాల్పుల్లో చనిపోయిన షాహిద్ ఆజ్మీ కథ. 2022లో 'హీమోలింఫ్' వచ్చింది, రైళ్ల కేసులో తొమ్మిదేళ్లు జైల్లో ఉండి 2015లోనే నిర్దోషిగా బయటికొచ్చిన టీచరు వాహిద్ షేక్ గురించి. ఇవి చూస్తే గోళ్లు కొరుక్కోం. టైమర్ ఉండదు, వాయిదాలే ఉంటాయి. తొమ్మిదేళ్ల వాయిదాల్ని ఉత్కంఠగా తీయడం కష్టం, అందుకే మా హాస్టల్ కంప్యూటర్ల దాకా అవి రావు.

మా జిల్లా సంగతి ఒకటి చెప్పి ఆపేస్తా. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకని బస్సెక్కి పెట్రోలు పోసి తగలబెట్టారు. 23 మంది కాలిపోయారు. చేసిన ఇద్దరూ దళిత కుర్రాళ్లు, చలపతిరావు, విజయవర్ధనరావు. ఘోరం. దాన్ని ఎవరూ సమర్థించలేదు, నేనూ సమర్థించను. కోర్టు ఉరి వేసింది, సుప్రీంకోర్టు ఖాయం చేసింది. హక్కుల సంఘాలు, రచయితలు ఊరూరా తిరిగి, ఉరి దగ్గరపడ్డాక ఆపించి, చివరికి 1998లో రాష్ట్రపతి చేత యావజ్జీవంగా మార్పించారు. అప్పుడు అందరూ అడిగింది ఒక్కటే, ఆ పిల్లలు ఎలాంటి బతుకులోంచి అక్కడిదాకా వచ్చారో కూడా వినండి అని. అది వినిపించడానికి ఏళ్లు పట్టింది. 'ఎ వెడ్నెస్ డే' మనిషి నలుగురి చావుకి కారణమై, తన బాధ చెప్పుకోవడానికి పది నిమిషాలు తీసుకుంటాడు. కమిషనర్ కళ్లు చెమరుస్తాయి. వెళ్లిపోనిస్తాడు.

పోయిన జూలైలో హైకోర్టు తీర్పు వచ్చిన రోజు సాయంత్రం నా పాత రూమ్మేట్ ఫోన్ చేశాడు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం వాడికి. తీర్పు గురించి మాట్లాడతాడనుకున్నా, ఒక్క ముక్క మాట్లాడలేదు. కొడుకు పుట్టి పదిరోజులైందట. "మామా, రెండు వైపులా చెల్లే పేరొకటి చెప్పురా" అన్నాడు. నాలుగు పేర్లు మెసేజ్ పెట్టా. ఒకటి ఖాయం చేశాడు.

"మరి ఇంటిపేరు?" అన్నాను.

"అది స్కూల్లో వేసేటప్పుడు చూద్దాంలే" అన్నాడు.