సీరియల్ పోర్టు అను రేవు

పోర్టు అనగా రేవు. సముద్రమెరుగని కరీంనగర్, ఆదిలాబాద్ వాసులమగు మాకు రేవనగానే గోదావరి తోచును. కంప్యూటరు వెనుకను తొమ్మిది సూదుల రేవొకటి కలదని హామ్ రేడియో వలననే ఎరిగితిమి. 1983లో హైదరాబాదున నెలకొన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ వేడుక విద్యను మన ప్రాంతమున ప్రచారము చేసినది.

హామ్ పోటీలలో ప్రతి సంభాషణకు కాలము, పౌనఃపున్యము, ఎదుటివారి పిలుపు సంకేతము నమోదు కావలెను. రేడియోను కంప్యూటరుతో తీగ ద్వారా కలిపినచో పౌనఃపున్యము తనంత తానే చిట్టాకెక్కును. అయితే రెంటి వేగమొక్కటి కావలెను. రేడియో సెకనుకు 4800 బిట్లు పలుకుచుండగా కంప్యూటరు 9600 వేగమున ఆలకించినచో మిగులునది గోలయే. డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్లు కూడ ఏకీభవింపవలెను. నేటి యు.ఎస్.బి. తీగలతో మరియొక చిక్కు కలదు. తీగను వేరొక రంధ్రమున గుచ్చినంతనే ఒక్కొక్కప్పుడు కామ్ 3 కాస్త కామ్ 5 అగును. పాపము, సాఫ్ట్‌వేరు పాత రేవునందే పడవకై నిరీక్షించుచుండును!

ఇది అల్పవిషయమని కొందరు మిత్రులందురు. మేమంగీకరింపము. 7 మెగాహెర్ట్జ్‌పై జరిగిన సంభాషణ మన చిట్టాలో 14గా నమోదైనదనుకొనుడు. నిర్వాహకులు ఇరుపక్షముల చిట్టాలను పోల్చినపుడు మన మార్కులే కాక, రాత్రంతయు మేల్కొని మన పిలుపునందుకొన్న దూరదేశపు అపరిచితుని మార్కులు కూడ పోవచ్చును. కనుకనే పోటీకి ముందుగా రేడియో మీట త్రిప్పి, తెరపై అంకె దానితోపాటు కదలుచున్నదా లేదాయని చూచుకొనుచుందుము.